రిటైర్ అయ్యాక పెన్షన్, బీమా, హెల్త్ కార్డు: మా వరంగల్ వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సీట్లో (ఉద్యోగుల సర్వీసు ఫైళ్లు చూసే చోట) చాలా ఏళ్లు కూర్చుని రిటైర్ అయినవాణ్ణి. హనుమకొండలో ఏ పెళ్లికి పోయినా, పొద్దున వాకింగ్‌కి పోయినా ఎవరో ఒకరు పక్కకి పిలిచి అడిగేవి ఇవే డౌట్లు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ఇది తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల కోసం, ముఖ్యంగా పాత పెన్షన్ స్కీమ్‌లో ఉన్నవాళ్ల కోసం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా ఉంటుంది, మీకు కావాల్సింది చదువుకోండి.

## రిటైర్ కాకముందు

నాకు ఇంకా ఏడాది సర్వీసు ఉంది. ఇప్పటినుంచే ఏం చేయాలి?

ముందు మీ సర్వీస్ రిజిస్టర్ అడిగి తీసుకుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మీరే చదవండి. క్లర్కు చూసుకుంటాడులే అనుకోవద్దు, ఆయనకు మీలాంటి ఫైళ్లు ఇరవై ఉంటాయి. ఏటా సర్వీస్ వెరిఫికేషన్ ఎంట్రీ ఉందా, ప్రతి ఇంక్రిమెంట్‌కీ జీతం ఫిక్సేషన్‌కీ అధికారి సంతకం ఉందా, లీవులు ఖాతాలో సరిగ్గా తగ్గించారా, సస్పెన్షన్ గానీ జీతం లేని సెలవు గానీ ఉంటే దాన్ని ఎలా పరిగణించారో ఆర్డర్ ఉందా, ఇవి చూడాలి. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు వెళ్లినవాళ్ల రిజిస్టర్లలో ఆ ఒకటి రెండేళ్ల ఎంట్రీలే ఎక్కువగా ఖాళీ ఉంటాయి. పాత ఆఫీసు ములుగులోనో భూపాలపల్లిలోనో ఉంటే అక్కడికి పోయి ఆ ఎంట్రీ వేయించుకోవడం సర్వీసులో ఉన్నప్పుడే సులువు. రిటైర్ అయ్యాక పోతే "ఆ సార్ ట్రాన్స్‌ఫర్ అయిండు" అనే మాటే వినపడుతుంది.

పెన్షన్ ప్రపోజల్స్ (పెన్షన్ మంజూరు కోసం పంపే కాగితాలు) కనీసం ఆరు నెలల ముందే ఆఫీసు నుంచి కదిలేలా చూసుకోండి.

ఆధార్‌లో పేరు ఒకలా, సర్వీస్ రిజిస్టర్‌లో ఇంకోలా ఉంది. ఏమైనా ఇబ్బందా?

ఇబ్బందే. రిజిస్టర్‌లో ఇంటిపేరు పొడి అక్షరంతో ముందు ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా వెనక ఉంటుంది, పాన్‌లో మూడో రకంగా ఉంటుంది. మీ విషయంలో ఎలాగోలా నడుస్తుంది గానీ, అసలు కష్టం భార్య పేరు దగ్గర వస్తుంది. పెళ్లికి ముందు ఇంటిపేరు, ఇంట్లో పిలిచే పేరు, ఓటర్ కార్డులో పేరు అన్నీ కలగలిసి పోయి, రేపు ఫ్యామిలీ పెన్షన్ కోసం ఆమె ట్రెజరీ మెట్లెక్కిన రోజున "ఈ ఇద్దరూ ఒకరే" అని సర్టిఫికెట్ తెమ్మంటారు. సర్వీస్ రిజిస్టర్, పెన్షన్ ఫారాలు, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, ఈ ఐదింట్లో భార్యాభర్తలిద్దరి పేర్లు, పుట్టినతేదీలు అక్షరం తేడా లేకుండా సరిచేసుకోండి.

నా పుట్టినరోజు 1వ తేదీ. ఆ నెలాఖరున రిటైర్ అవుతానా?

కాదు, అంతకుముందు నెల చివరి రోజునే. మిగతా తేదీల్లో పుట్టినవాళ్లు 61 నిండిన నెల చివరి రోజు దాకా ఉంటారు. 2021లో వయసు 58 నుంచి 61కి పెంచారు కాబట్టి పాత పద్ధతిలో లెక్కలు వేసుకుని పెట్టుకున్న కాగితాలుంటే పక్కన పడేయండి.

జీపీఎఫ్ (జీతంలోంచి కట్ అయ్యే ప్రావిడెంట్ ఫండ్) చందా చివరిదాకా కట్టొచ్చా?

వద్దు. రిటైర్మెంట్‌కు నాలుగు నెలల ముందు ఆపేస్తారు. ఆ తర్వాత ఫైనల్ విత్‌డ్రాయల్‌కు దరఖాస్తు పెట్టుకోవడమే. ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఖాతా వాళ్లకు ఆ ఆఫీసు నుంచి, జిల్లా పరిషత్ జీపీఎఫ్ ఖాతా వాళ్లకు జెడ్పీ నుంచి. మధ్యలో ఏ నెల చందా అయినా ఖాతాలో పడకపోతే ఇప్పుడే పట్టుకోండి, ఏటా వచ్చే స్లిప్పుల్లో అది కనపడుతుంది.

నామినేషన్లు ఎప్పుడో ఉద్యోగంలో చేరినప్పుడు రాసిచ్చాను. అవే చాలవా?

అప్పుడు పెళ్లి కాలేదు కదా, అమ్మ పేరో నాన్న పేరో రాసి ఉంటారు. జీపీఎఫ్, జీఐఎస్ (గ్రూపు బీమా), గ్రాట్యుటీ (చేసిన సర్వీసుకు ఒకేసారి ఇచ్చే మొత్తం), జీఎల్‌ఐ (ప్రభుత్వ జీవిత బీమా), బ్యాంకు అన్నీ విడివిడి నామినేషన్లు. ఒకదాంట్లో మార్చితే మిగతావాటిలో దానంతట అదే మారదు.

## రిటైర్ అయ్యాక తొలి నెలలు

ఏ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? అన్నిటికీ ఒకే ఆఫీసు చుట్టూ తిరగాలా?

ఇదొక్కటి అర్థమైతే సగం టెన్షన్ తగ్గిపోతుంది. పెన్షన్, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత వదులుకుని ముందే ఒకేసారి తీసుకునే డబ్బు) మూడింటికీ ఆథరైజేషన్ ఏజీ ఆఫీసు ఇస్తుంది, చెల్లించేది ట్రెజరీ. జీపీఎఫ్ దారి వేరు. జీఎల్‌ఐని జిల్లా బీమా కార్యాలయం చూస్తుంది. సంపాదిత సెలవుల నగదు, జీఐఎస్ పొదుపు డబ్బు మాత్రం మీరు చివరగా పనిచేసిన ఆఫీసు డీడీఓనే (జీతాల బిల్లులు పెట్టే అధికారి) శాంక్షన్ చేసి బిల్లు పెట్టాలి. కాబట్టి "నా డబ్బులు రాలే" అని ఊరికే అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. ఏ పద్దు రాలేదో, దాని బిల్లు పెట్టారా లేదా, పెడితే టోకెన్ నంబర్ ఎంత, ఇది అడగాలి.

బిల్లు పాసైందంటున్నారు, టోకెన్ నంబర్ కూడా ఇచ్చారు. మరి డబ్బు ఎందుకు పడలేదు?

టోకెన్ నంబర్ వచ్చిందంటే మీ ఆఫీసు పని, ట్రెజరీ పని దాదాపు అయిపోయినట్టు. డబ్బు విడుదల మాత్రం ఆర్థికశాఖ చేతిలో ఉంటుంది. వయసు పెంపు వల్ల మూడేళ్లు దాదాపు రిటైర్మెంట్లే లేవు. 2024 మార్చి నుంచి మళ్లీ మొదలై ఒక్కసారిగా అందరూ క్యూలో నిలబడ్డారు. పెండింగ్ బిల్లులకు నెలకు 700 కోట్లు ఇస్తామని 2025 జూన్‌లో ప్రభుత్వం ప్రకటించింది. కొందరు హైకోర్టులో రిట్ వేసుకుని గడువుతో ఆర్డర్లు తెచ్చుకున్నారు కూడా.

నేను చెప్పేదేమిటంటే, ఈ డబ్బును నమ్ముకుని బిడ్డ పెళ్లి ముహూర్తం పెట్టుకోవద్దు, ఇంటికి అడ్వాన్సు ఇవ్వొద్దు. చేతికి వచ్చాకే ఖర్చు మాట. ప్రతి బిల్లుకూ టోకెన్ నంబర్, తేదీ, పద్దు, మొత్తం ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. రిప్రజెంటేషన్ ఇచ్చినా, కోర్టుకు పోయినా ముందు అడిగేవి అవే.

కమ్యుటేషన్ 40 శాతం తీసుకోవాలా వద్దా?

అందరూ తీసుకుంటున్నారు కదా అని తీసుకోవద్దు, లెక్క చూసుకుని తీసుకోండి. మీ బేసిక్ పెన్షన్ 40,000 అనుకుందాం. 40 శాతం అంటే 16,000 అమ్ముకున్నట్టు. చేతికి బేసిక్ 24,000 వస్తుంది. కానీ డీఆర్ (పెన్షన్ మీద ఇచ్చే కరువు భృతి) మాత్రం పూర్తి 40,000 మీదే లెక్కిస్తారు, ఇది చాలామందికి తెలియదు. ఆ 16,000 కోత 15 ఏళ్లు నడుస్తుంది, అంటే మొత్తం 28,80,000. దానికి బదులుగా ముందే ఒక పెద్ద మొత్తం వస్తుంది. అది మీ వయసును బట్టి ఉండే పట్టికతో లెక్కేస్తారు. ఈ మొత్తం మీద పన్ను లేదు. పెన్షనర్ మధ్యలో చనిపోతే మిగిలిన కోతను ఫ్యామిలీ పెన్షన్‌లోంచి పట్టుకోరు, భార్యకు వచ్చేది తగ్గదు.

ఇంటి లోన్ లాంటి వడ్డీ అప్పు ఉంటే తీసుకుని కట్టేయడం మంచిదే. అప్పు లేకుండా, పిల్లలు స్థిరపడి, నెలనెలా వచ్చేదే ముఖ్యం అనుకునేవాళ్లు తక్కువ శాతం కూడా ఎంచుకోవచ్చు, 40 అనేది గరిష్ఠం మాత్రమే. అల్లుడి బిజినెస్‌కి పెట్టుబడి కోసమైతే ఇంట్లో ఇంకోసారి కూర్చుని మాట్లాడుకోండి. రిటైర్ అయిన ఏడాదిలోపు దరఖాస్తు చేస్తే మెడికల్ పరీక్ష ఉండదు.

ఇంకొకటి. కోత ఏ నెల నుంచి మొదలైందో పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఆర్డర్) పక్కన రాసుకోండి. పదిహేనేళ్ల తర్వాత పూర్తి పెన్షన్ పునరుద్ధరించమని అడగాల్సింది మీరే, ఆనాటికి ఆ ఆఫీసులో మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్లు ఎవరూ ఉండరు.

నా పెన్షన్ సరిగ్గా వేశారో లేదో ఎలా తెలుస్తుంది?

33 ఏళ్ల అర్హత సర్వీసు ఉంటే చివరి బేసిక్ పేలో సగం. తక్కువ ఉంటే ఆ నిష్పత్తిలో తగ్గుతుంది, ఆరునెలల కాలాలుగా లెక్కిస్తారు, గరిష్ఠం 66 కాలాలు. 2020 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం కనీస పెన్షన్ 9,500, గ్రాట్యుటీ గరిష్ఠం 16 లక్షలు, నెలవారీ మెడికల్ అలవెన్సు 600. పీపీఓ చేతికి రాగానే పుట్టినతేదీ, చివరి బేసిక్, సర్వీసు కాలం, భార్య పేరు ఈ నాలుగూ అక్కడే నిలబడి చూసుకోండి.

సెలవులు 300 రోజులు లేవు, 240 మాత్రమే ఉన్నాయి. మిగతావి పోయినట్టేనా?

పోయినట్టు కాదు. సంపాదిత సెలవులు 300 లోపు ఉంటే, తక్కువ పడిన మేరకు అర్ధవేతన సెలవులను కూడా నగదు చేసుకునే వీలుంది. మీ ఆఫీసులో చెప్పకపోతే మీరే అడగండి.

పనిచేసింది మహబూబాబాద్ జిల్లాలో, ఇల్లు హనుమకొండలో. పెన్షన్ ఎక్కడ తీసుకోవాలి?

ప్రపోజల్స్‌లోనే మీకు దగ్గర్లోని ట్రెజరీ పేరు రాయండి. ఇప్పటికే వేరేచోట మొదలైతే బదిలీ కోరుతూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. మోకాళ్ల నొప్పులతో ప్రతి చిన్న పనికీ బస్సెక్కి పోవడం ఎందుకు?

నేను సీపీఎస్‌లో (చందా కట్టే కొత్త పెన్షన్ స్కీమ్) ఉన్నాను, ఇవన్నీ నాకు వర్తిస్తాయా?

2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్లకు ఏజీ పెన్షన్, కమ్యుటేషన్, జీపీఎఫ్ ఉండవు. మీ ప్రాన్ ఖాతాలో (పెన్షన్ చందాలు జమయ్యే ఖాతా) ఉన్నదాంట్లో 60 శాతం దాకా ఒకేసారి తీసుకోవచ్చు, దానిమీద పన్ను లేదు. కనీసం 40 శాతంతో యాన్యుటీ (నెలనెలా డబ్బిచ్చే పాలసీ) కొనాలి, నెలనెలా వచ్చేది ఆ యాన్యుటీ కంపెనీ ఇస్తుంది. యాన్యుటీలో రకాలుంటాయి. మీ తర్వాత భార్యకు కొనసాగేది, చివరికి అసలు పిల్లలకు తిరిగొచ్చేది, ఏదీ లేకుండా మీ జీవితకాలం మాత్రమే వచ్చేది. చివరిదాంట్లో నెల మొత్తం ఎక్కువ కనపడుతుంది, అది చూసి టిక్ పెట్టేయకండి. ఒకసారి ఎంచుకుంటే మార్చుకోవడం దాదాపు కుదరదు.

మా బావ కాజీపేట రైల్వేలో చేశాడు. ఆయనకూ ఇవే రూల్సా?

కాదు. రైల్వే అంటే కేంద్రం. ఆయన లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నామని ఏటా ఇచ్చేది) నవంబర్‌లో ఇవ్వాలి, వైద్యం రైల్వే స్కీమ్‌లో. సింగరేణి వాళ్ల పెన్షన్ బొగ్గుగనుల పెన్షన్ స్కీమ్ కింద, ఆర్టీసీ వాళ్లది ప్రావిడెంట్ ఫండ్ సంస్థ పెన్షన్ స్కీమ్ ఈపీఎస్-95 కింద. కుటుంబంలో నలుగురు రిటైర్ అయితే నాలుగు రకాల రూల్స్ ఉండొచ్చు, ఒకరి సలహా ఇంకొకరికి పనికిరాదు.

## బీమా పాలసీలు

జీతంలోంచి ఎల్ఐసీ కట్ అయ్యేది. ఇప్పుడు ఎవరు కడతారు?

మీరే కట్టాలి, మా దగ్గర ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. జీతం పొదుపు స్కీమ్‌లో ప్రీమియం డీడీఓ కట్ చేసి పంపేవాడు. చివరి జీతంతో ఆ కోత ఆగిపోతుంది, మీకెవరూ ఫోన్ చేసి చెప్పరు. నెలవారీ ప్రీమియానికి గడువు మీద 15 రోజులే అదనంగా ఇస్తారు, ఆ తర్వాత పాలసీ ల్యాప్స్. పీపీఓ కోసం, గ్రాట్యుటీ కోసం తిరుగుతూ ఆరునెలలు గడిచేసరికి ముప్పై ఏళ్లుగా కట్టిన పాలసీ నిద్రపోయి ఉంటుంది.

చేయాల్సింది చాలా సులువు. చివరి నెల జీతం స్లిప్పులో ఉన్న పాలసీ నంబర్లన్నీ రాసుకుని, మీ బ్రాంచికి పోయి నెలవారీ బదులు మూడునెలలు గానీ ఆరునెలలు గానీ ఏడాది గానీ మార్చుకోండి, లేదా బ్యాంకు ఖాతా నుంచి నేరుగా కట్ అయ్యేలా మాండేట్ ఇవ్వండి. అదే కౌంటర్లో ఇంకోటి అడగండి, మధ్యలో ఏ నెలలైనా గ్యాప్ ఉందా అని. సమ్మెల్లోనో, ట్రాన్స్‌ఫర్ అయినప్పుడో, జీతం ఆలస్యమైనప్పుడో ఒకటి రెండు ప్రీమియాలు అందకుండా పోయి ఉంటాయి. మెచ్యూరిటీ రోజు ఆ గ్యాప్ వడ్డీతో సహా బయటపడుతుంది. ఇప్పటికే ల్యాప్స్ అయినా ఐదేళ్లలోపు పునరుద్ధరించుకోవచ్చు, కాకపోతే వడ్డీ, ఒక్కోసారి ఆరోగ్య పరీక్ష ఉంటాయి.

జీఎల్‌ఐ బాండ్లు ఎన్ని ఉన్నాయో కూడా నాకు తెలీదు. డబ్బు మొత్తం వస్తుందా?

ప్రీమియం పెంచుకున్న ప్రతిసారీ వేరే బాండ్ జారీ అవుతుంది. నంబర్ ఒకటే ఉండి వెనక ఏ, బీ, సీ అని ఉంటుంది. పీఆర్సీ వచ్చినప్పుడల్లా మీ స్లాబ్ మారి కోత పెరిగి ఉంటుంది. కానీ కోత పెరగడం ఒక్కటే చాలదు, ఆ పెంపుకు ప్రపోజల్ ఫారం ఇస్తేనే బాండ్ వస్తుంది. జీతం స్లిప్పులో కట్ అవుతున్న మొత్తాన్నీ, బాండ్ల మీద ఉన్న ప్రీమియాల మొత్తాన్నీ కూడి చూడండి. రెండూ సమానంగా లేకపోతే రిటైర్ అయ్యేలోపే జిల్లా బీమా కార్యాలయానికి పోండి. పాత ఏళ్ల క్రెడిట్లు మిస్ అయితే ట్రెజరీ నుంచి రికవరీ వివరాలు తేవాల్సి ఉంటుంది, దానికి టైం పడుతుంది. లోన్ తీసుకుని ఉంటే బాకీ, వడ్డీ పట్టుకుని మిగతాది ఇస్తారు. డబ్బు తీసుకున్నాక ఆ బీమా రక్షణ ముగిసినట్టే.

జీఐఎస్ కూడా బీమానే కదా, అది కొనసాగదా?

కొనసాగదు. నెలనెలా కట్ అయిన చందాలో కొంత బీమాకు, కొంత పొదుపుకు పోయేది. రిటైర్ అయ్యాక పొదుపు భాగం వడ్డీతో వస్తుంది, బీమా ఆగిపోతుంది. వచ్చే మొత్తం చూసి "ఇంతేనా" అనిపిస్తుంది, ఇంతే.

శాలరీ ఖాతాకు బ్యాంకు ఫ్రీగా యాక్సిడెంట్ బీమా ఇచ్చేది. ఇంకా ఉందా?

శాలరీ ప్యాకేజీ అనేది జీతం పడుతున్నంతకాలమే. రిటైర్ అయ్యాక బ్రాంచికి పోయి పెన్షన్ ఖాతాగా మార్పించుకోండి, ఆ ఖాతాకు ఎంత కవరేజీ ఉందో కాగితం మీద రాయించుకోండి. చాలా బ్యాంకుల్లో పెన్షన్ ప్యాకేజీకి తక్కువ కవరేజీ, వయసు పరిమితి ఉంటాయి. దీనితోపాటు ప్రధానమంత్రి సురక్ష బీమా ఏడాదికి 20 రూపాయలే, 70 ఏళ్లదాకా ఉంటుంది, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. ఏటా మే నెలాఖరుకు ఖాతాలో ఆ 20 ఉండేలా చూసుకుంటే చాలు.

61 ఏళ్లకు కొత్తగా టర్మ్ పాలసీ (చనిపోతేనే డబ్బు వచ్చే బీమా) తీసుకోమంటున్నాడు ఏజెంటు. తీసుకోనా?

మీ మీద ఆధారపడి ఎవరున్నారు, అప్పు ఎంత ఉంది? భార్యకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, పిల్లలు సంపాదిస్తున్నారు, అప్పు లేదు అంటే అవసరం లేదు. రిటైర్మెంట్ డబ్బు పడిన వారంలోనే ఫోన్లు మొదలవుతాయి. ఐదేళ్లు కడితే పదేళ్ల తర్వాత రెట్టింపు అని చెప్పే పాలసీలను ఈ వయసులో ముట్టుకోకపోవడమే మంచిది. మొహమాటానికి సంతకం పెట్టేసి ఉంటే, పాలసీ అందిన 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేసే హక్కు మీకుంది.

## ఆస్పత్రి, హెల్త్ కార్డు

ఉద్యోగిగా ఉన్నప్పటి హెల్త్ కార్డు అలాగే పనిచేస్తుందా?

దాన్ని పెన్షనర్ కేటగిరీకి మార్చుకోవాలి. పీపీఓ నంబర్, ఆధార్, ఫోటోలతో ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే ట్రెజరీ అధికారి వెరిఫై చేస్తారు. పెళ్లయిన బిడ్డ పేరు, ఉద్యోగం వచ్చిన కొడుకు పేరు కార్డులో ఉండిపోతే తీసేయండి. ఈ మార్పు ఆరోగ్యం బాగున్నప్పుడు చేసుకునే పని. రాత్రి పూట ఛాతీ నొప్పితో ఆస్పత్రికి పోయి, రిసెప్షన్ దగ్గర కొడుకు ఫోన్‌లో కార్డు కోసం వెతుకుతుంటే, కంప్యూటర్‌లో ఇంకా "ఎంప్లాయీ, ఇనాక్టివ్" అని వస్తుంటే అప్పుడు ఎవర్నీ ఏమీ అనలేం.

బీపీ, షుగర్ మందులకూ, నెలనెలా చెకప్‌కూ వరంగల్ వెల్‌నెస్ సెంటర్ ఉంది. మందులు అన్నీ ఎప్పుడూ ఉంటాయని చెప్పలేం గానీ, పోయి చూస్తే నష్టం లేదు.

కార్డు చూపిస్తే ప్రైవేటు ఆస్పత్రి తీసుకోలేదు. ఇప్పుడేం చేయాలి?

ఇది మామూలైపోయింది. బకాయిలున్నాయనో, ఈ జబ్బుకు ప్యాకేజీ లేదనో చెప్తారు. సొంత డబ్బు కట్టి చేయించుకుంటే రీయింబర్స్‌మెంట్ పెట్టుకోవచ్చు. దానికి ఆస్పత్రి నుంచి బయటికి వచ్చేటప్పుడే డిశ్చార్జ్ సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు, మందుల చీటీలు, ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ (ఆ వైద్యం అవసరమేనని డాక్టరు ఇచ్చేది), అత్యవసరమైతే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తీసుకోండి. డాక్టరు సంతకం, స్టాంపు ప్రతి పేజీ మీదా ఉండాలి. తర్వాత వస్తాం అంటే ఆ డాక్టరు దొరకడు. డిశ్చార్జ్ అయిన ఆరునెలల్లోపు, మీరు చివరగా పనిచేసిన ఆఫీసు ద్వారానే పంపాలి. చిన్న బిల్లులు జిల్లా స్థాయిలోనే పరిశీలిస్తారు, పెద్దవి హైదరాబాద్‌లో డీఎంఈ (వైద్యవిద్య డైరెక్టర్) ఆఫీసుకు పోతాయి. మీరు కట్టింది మొత్తం రాదు, ప్యాకేజీ రేట్ల ప్రకారమే ఇస్తారు. పంపే ముందు మొత్తం సెట్ జిరాక్స్ తీసి ఇంట్లో పెట్టుకోండి.

ప్రభుత్వ కార్డు ఉండగా మళ్లీ ప్రైవేటు హెల్త్ పాలసీ ఎందుకు?

నా అభిప్రాయం, స్తోమత ఉంటే తీసుకోవాలి, అదీ రిటైర్ కాకముందే. కార్డు పనిచేసిన రోజు పనిచేస్తుంది, చేయని రోజు మూడు నాలుగు లక్షలు అప్పటికప్పుడు చేతిలో ఉండాలి. పాలసీలో ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల వెయిటింగ్ ఉంటుంది. 58కి తీసుకుంటే 61కి ఆ వెయిటింగ్ అయిపోతుంది. 61కి తీసుకుంటే 64 దాకా ఆగాలి. లెక్క అంతే.

65 దాటాక ఇవ్వరనే మాట పాతది, 2024 ఏప్రిల్ నుంచి ఆ వయసు పరిమితి తీసేశారు. 2025 జనవరి నుంచి సీనియర్ సిటిజన్ల ప్రీమియం ఏడాదికి 10 శాతం కంటే ఎక్కువ పెంచాలంటే కంపెనీ ముందుగా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతి తీసుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. కాబట్టి పాత కొటేషన్ చూసి భయపడి ఆగినవాళ్లు మళ్లీ అడిగి చూడండి. కొనేటప్పుడు రూమ్ అద్దె పరిమితి, కో-పేమెంట్ ఈ రెండూ చదవండి. ఇరవై శాతం కో-పే ఉంటే 5 లక్షల బిల్లులో లక్ష మీ జేబులోంచే పోతుంది.

షుగర్ ఉందని రాస్తే పాలసీ ఇవ్వరంట, రాయొద్దంటున్నాడు ఏజెంటు.

రాయండి. ఏజెంటు ఫారం నింపి మీచేత సంతకం పెట్టించుకుంటాడు, క్లెయిమ్ రోజు ఆయన ఉండడు. ఆస్పత్రి రికార్డులో "పదేళ్లుగా మధుమేహం" అని డాక్టరు రాసిన ఒక్క లైను చాలు, క్లెయిమ్ తిప్పి కొట్టడానికి. ఐదేళ్లు ఆపకుండా కట్టాక మోసం తప్ప ఇంకే కారణంతోనూ పాత వివరాలు తవ్వకూడదని రూలు ఉంది, కానీ ఆ ఐదేళ్లు ఎలా గడుస్తాయో ఎవరికి తెలుసు?

హైదరాబాద్‌లో మా అబ్బాయి కంపెనీ పాలసీలో మేమిద్దరం ఉన్నాం. సరిపోదా?

వాడు ఆ కంపెనీలో ఉన్నన్ని రోజులు సరిపోతుంది. ఉద్యోగం మారినా, పోయినా ఆ రోజుతో మీ బీమా కూడా పోతుంది.

## పన్ను, పొదుపు

రిటైర్మెంట్ డబ్బంతటికీ ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టాలా?

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి గ్రాట్యుటీ, కమ్యుటేషన్ మొత్తం, రిటైర్మెంట్ నాటి సెలవుల నగదు, జీపీఎఫ్ ఇవన్నీ పన్ను లేనివే. నెలనెలా వచ్చే పెన్షన్ మాత్రం జీతంలాగే లెక్క. కొత్త పన్ను విధానంలో పెన్షన్‌కు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఉంది. 2025-26 నుంచి పన్ను వేయదగిన ఆదాయం 12 లక్షల దాకా రిబేటుతో పన్ను సున్నా అవుతుంది. మీరు మర్చిపోయేది ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ, అది పెన్షన్‌తో కలిపి చూపించాలి. సీనియర్లకు ఒక బ్యాంకులో వడ్డీ ఏడాదికి లక్ష దాటితేనే టీడీఎస్ (బ్యాంకే ముందుగా కోసే పన్ను) పడుతుంది. అసలు పన్నే రాని వాళ్లు టీడీఎస్ కోయొద్దనే డిక్లరేషన్ ఏప్రిల్‌లోనే బ్యాంకులో ఇచ్చేయండి.

రిటైర్ అయిన ఏడాది కొంత జీతం, కొంత పెన్షన్ ఉంటుంది. రెండూ చూపించాలి.

వచ్చిన డబ్బు ఎక్కడ పెట్టాలి?

ముందు ఆరునెలల ఇంటి ఖర్చు సేవింగ్స్‌లో వదిలేయండి. తర్వాత సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ చూడండి. పోస్టాఫీసులోనో బ్యాంకులోనో తెరవొచ్చు, ఒక్కొక్కరికి గరిష్ఠం 30 లక్షలు, ఐదేళ్లు, మూడునెలలకోసారి వడ్డీ ఖాతాలో పడుతుంది. 2023 ఏప్రిల్‌లో వడ్డీ 8.2 శాతం చేశారు. కొత్త ఖాతాలకు వడ్డీ రేటును ప్రభుత్వం మూడునెలలకోసారి ప్రకటిస్తుంది, మీరు తెరిచిన రోజు ఉన్న రేటే ఐదేళ్లూ ఉంటుంది. భార్యకూ 60 దాటితే ఆమె పేరుమీద విడిగా తెరవొచ్చు. మిగతాది మీ ఇష్టం. ఊరి బయట వెంచర్లలో ప్లాట్లు కొనమని కార్లలో తిప్పి భోజనం పెట్టి చూపించేవాళ్లు వస్తారు, భోజనం చేసి ఇంటికి వచ్చేయండి.

ట్రెజరీ నుంచి అని ఫోన్ చేసి పెన్షన్ ఆగిపోతుంది, ఓటీపీ చెప్పమన్నారు.

ట్రెజరీ వాళ్లు ఓటీపీ అడగరు, ఫోన్ పెట్టేయండి. పొరపాటున చెప్పి డబ్బు పోతే ఆ నిమిషమే 1930కి ఫోన్ చేయండి, తర్వాత బ్యాంకుకు. ఎంత తొందరగా చెప్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

## ఏళ్లు గడిచాక

లైఫ్ సర్టిఫికెట్ ఎప్పుడు, ఎలా ఇవ్వాలి?

మన రాష్ట్ర పెన్షనర్లకు జనవరి 1 నుంచి మార్చి 31 దాకా. ఇవ్వకపోతే ఆ తర్వాత పెన్షన్ ఆగుతుంది, ఇచ్చాక బకాయితో సహా మళ్లీ వస్తుంది. ట్రెజరీకి పోవచ్చు, మీసేవలో వేలిముద్ర వేయొచ్చు, జీవన్ ప్రమాణ్ (కేంద్రం ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్ సేవ) వాడొచ్చు, రాష్ట్ర ప్రభుత్వ యాప్ టీ యాప్ ఫోలియోలో సెల్ఫీతోనూ ఇవ్వొచ్చు. వేలిముద్రలు అరిగిపోయి పడని పెద్దవాళ్లకు ముఖం గుర్తించే పద్ధతే నయం. మార్చి చివరి వారందాకా ఆగితే ఎండలో క్యూ తప్పదు. జనవరిలో పండగ అయ్యాక ఒకపూట పోయి రండి.

70 దాటితే పెన్షన్ పెరుగుతుందంట కదా?

అవును, 2020 పీఆర్సీతో 70 నిండినవాళ్లకు 15 శాతం అదనపు పెన్షన్ మొదలవుతుంది, అంతకుముందు 75కి ఉండేది. ట్రెజరీలో మీ పుట్టినతేదీ సరిగ్గా నమోదై ఉందో లేదో ముందే చూసుకోండి. నెల వచ్చాక స్లిప్పులో పడకపోతే దరఖాస్తు ఇవ్వండి.

కొత్త పీఆర్సీ వస్తే రిటైర్ అయినవాళ్లకు ఏమైనా ఉంటుందా?

ఉంటుంది. 2023 అక్టోబర్‌లో ఎన్. శివశంకర్ అధ్యక్షతన కమిటీ వేసి 5 శాతం ఐఆర్ (మధ్యంతర భృతి) ఇచ్చారు. 2023 జూలై తర్వాత రిటైర్ అయినవాళ్లు సర్వీస్ రిజిస్టర్ జిరాక్స్, చివరి జీతం సర్టిఫికెట్, పీపీఓ కాపీ జాగ్రత్తగా పెట్టుకోండి. రివైజ్డ్ ప్రపోజల్స్ పంపాల్సి వస్తే ఆఫీసులో మీ పాత ఫైలు దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

నా తర్వాత మా ఆవిడకు ఎంత వస్తుంది, ఆమె ఏం చేయాలి?

ఫ్యామిలీ పెన్షన్ మామూలుగా చివరి జీతంలో 30 శాతం, దానిమీద డీఆర్. మొదట్లో కొంతకాలం షరతుల మేరకు ఎక్కువ రేటు ఉంటుంది. డెత్ సర్టిఫికెట్, పీపీఓ, ఆమె ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకంతో ట్రెజరీకి పోవాలి. చనిపోయిన రోజుదాకా రావాల్సిన పెన్షన్ బకాయి కూడా అడగాలి. చనిపోయాక పడిన పెన్షన్ మాత్రం వెనక్కి కట్టాలి, దాన్ని దినకర్మ ఖర్చులకు తీసేసి తర్వాత ఇబ్బంది పడ్డ కుటుంబాలున్నాయి. హెల్త్ కార్డు ఆమె పేరుమీద ఫ్యామిలీ పెన్షనర్‌గా మార్చుకోవాలి.

వైకల్యం ఉన్న బిడ్డ, భర్త పోయి ఇంట్లో ఉంటున్న బిడ్డ ఉంటే వాళ్లకూ అర్హత ఉండొచ్చు. వాళ్ల వివరాలు మీరు బతికుండగానే పెన్షన్ కాగితాల్లో ఎక్కించండి. ఇదంతా ఇంట్లో మాట్లాడితే అపశకునం అంటారు. అయినా ఒకసారి ఆమెను వెంట తీసుకుపోయి ట్రెజరీ ఎక్కడుందో, ఏ సెక్షన్‌లో అడగాలో చూపించి రండి.

అమెరికాలో కొడుకు దగ్గర ఆరునెలలు ఉండొస్తాం. పెన్షన్, హెల్త్ కార్డు సంగతేంటి?

పెన్షన్ ఖాతాలో పడుతూనే ఉంటుంది. జనవరి, మార్చి మధ్య అక్కడే ఉండేలా ఉంటే లైఫ్ సర్టిఫికెట్ ఎలా పంపాలో పోయే ముందే మీ ట్రెజరీలో అడగండి, అక్కడి భారత కాన్సులేట్ అధికారి సంతకంతో తెప్పించుకునే దారి ఉంది. బ్యాంకుకు లింకైన సిమ్ రీచార్జి ఆగకుండా చూసుకోండి, ఓటీపీలు దానికే వస్తాయి. మన హెల్త్ కార్డు అక్కడ పనిచేయదు. టికెట్‌తోపాటే విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోవాలి, పాత జబ్బులకు అందులో చాలా తక్కువ కవరేజీ ఉంటుంది కాబట్టి ఆరునెలల బీపీ, షుగర్ మందులు డాక్టరు చీటీతో సహా ఇక్కడినుంచే పట్టుకుపోండి.